52వ కిలోమీటరు దగ్గర ఆగిపోయాను

80 కిలోమీటర్ల ట్రెయిల్ రేసును, అంటే రోడ్డు మీద కాక కాలిబాటల్లో సాగే పరుగు పందేన్ని, మధ్యలో వదిలేసినందుకు నాకు పెద్దగా బాధ లేదు. వదిలేసిన తరువాత నన్ను మూడున్నర గంటలపాటు రేకుల పందిరి కింద కూర్చోబెట్టినందుకే ఇది రాస్తున్నాను. విరమించుకున్న వారిని వెంటనే వాహనంలో వెనక్కి చేరుస్తామని నిబంధనల పత్రంలో స్పష్టంగా అచ్చువేశారు. డబ్బు కట్టేటప్పుడు ఆ వాక్యాన్ని నేను రెండుసార్లు చదువుకున్నాను కూడా.

బస విషయంలో మోసం ముందురోజే మొదలైంది. ప్రారంభ స్థలానికి ఐదు నిమిషాల దూరమని నిర్వాహకులు సూచించిన లాడ్జి నిజానికి 14 కిలోమీటర్ల అవతల ఉంది. రెండు రాత్రుల అద్దె ముందే కట్టించుకున్నారు. అది రేసు ఫీజులో సగాన్ని మించింది. మాకు ఇచ్చింది పై అంతస్తు గది. పగలంతా కాగిన స్లాబు రాత్రి 11 గంటలకు కూడా సెగలు కక్కుతూనే ఉంది. నాకు తోడుగా వచ్చిన తమ్ముడు తడి తువ్వాలు కప్పుకుని, "పరుగెత్తేది నువ్వు, చెమటలు మాత్రం నాకా అక్కా?" అని విసుక్కున్నాడు. నేను సరిగా మూడు గంటలు కూడా నిద్రపోలేదు.

ఉదయం 5 గంటలకు బయలుదేరాము. మొదటి 30 కిలోమీటర్లు చల్లగా, హాయిగా గడిచిపోయాయి.

ఆ తరువాత దారి లోయలోకి దిగింది. అక్కడ గాలి కదలదు. ఒంటి మీద చెమట ఆవిరైతేనే శరీరం చల్లబడుతుంది. కారి నేల మీద పడే చెమట వల్ల వృథా తప్ప ప్రయోజనం లేదు. నా మోచేతుల నుంచి అది బొట్లు బొట్లుగా రాలుతూనే ఉంది. వీపున ఉన్న నీళ్ల సంచి గొట్టంలోంచి వచ్చే మొదటి గుక్క కాఫీ అంత వేడిగా ఉంది. ఎండలో నడవడానికే గుండె నిమిషానికి 150 సార్లు కొట్టుకుంటోంది, ఎందుకంటే శరీరాన్ని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, కండరాలకూ కడుపుకూ చాలినంత అందదు. తిన్నది జీర్ణం కాక గొంతులోనే నిలిచినట్టుంటే, ఇది నీరసమే అనుకుని గంటకు లీటరు చొప్పున మంచినీళ్లు బలవంతంగా తాగాను. నేను చేసిన తప్పు అదే.

52వ కిలోమీటరు శిబిరానికి మధ్యాహ్నం 2 గంటల 25 నిమిషాలకు చేరాను. గడువుకు ఇంకా 35 నిమిషాలు మిగిలే ఉన్నాయి. అక్కడ స్వచ్ఛందంగా పనిచేస్తున్న ఒక డాక్టరమ్మ నన్ను కాటా మీద నిలబెట్టారు. ముందురోజు బిబ్ (రేసు నంబరు పట్టీ) తీసుకునేటప్పుడు 61.4 కిలోలున్న నేను ఇప్పుడు 62.3 ఉన్నాను. అన్ని గంటలు చెమటోడ్చిన మనిషి బరువు తగ్గాలి గాని పెరగకూడదు. "మీ వేలికున్న ఉంగరం ఒకసారి తీయండి" అన్నారావిడ. అది కదలలేదు. చూస్తే వేళ్లు వంకాయల్లా ఉబ్బి ఉన్నాయి. చెమటలో పోయే ఉప్పు సంగతి అటుంచి, అవసరానికి మించి నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలుచబడుతుందని, లీటరుకు 135 మిల్లీమోల్స్ కంటే తగ్గితే దాన్ని హైపోనాట్రీమియా అంటారని, ముదిరితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికే రావచ్చని ఆవిడ నిదానంగా చెప్పారు. ఉప్పు మాత్రలు మింగినంత మాత్రాన ఇది ఆగదట. దాహమేసినప్పుడే తాగడం అసలు జాగ్రత్త. పరీక్ష చేసే సాధనం అక్కడ లేదు కాబట్టి ఇది అనుమానం మాత్రమేనని, నిర్ణయం నాదేనని కూడా అన్నారు. నేను బిబ్ విప్పి ఇచ్చాను. ఆవిడ నీళ్ల సీసా నా చేతిలోంచి తీసుకుని చిన్న గిన్నెడు ఉప్పు కషాయంలాంటి సూపు పెట్టారు. మొత్తం యాత్రలో నాకు అందిన ఉత్తమ సేవ అదొక్కటే, దానికి నేను విడిగా పైసా కట్టలేదు.

మిగిలినదంతా నిరీక్షణే. పందిరి కింద ఉష్ణమాపకం 41 డిగ్రీలు చూపిస్తోంది. మేము విరమించినవాళ్లం 11 మందిమి, కుర్చీలు నాలుగు. ఎవరైనా వడదెబ్బతో స్పృహ తప్పితే ముందు అక్కడికక్కడే మంచునీళ్లలో ముంచి చల్లబరచాలి, ఆ తరువాతే ఆసుపత్రికి తరలించాలి. అక్కడ తొట్టి ఉంది గాని ఐసు మధ్యాహ్నానికే అయిపోయింది. వాహనం గురించి అడిగిన ప్రతిసారీ వాకీటాకీ పట్టుకున్న కుర్రవాడు "దారిలో ఉందండీ" అనేవాడు. సాయంత్రం 6 గంటలకు వచ్చిన ఆ వాహనం అంతసేపూ గమ్యం దగ్గర ఫొటోగ్రాఫర్లను తిప్పిందని డ్రైవరే చెప్పాడు. ముగింపు స్థలంలో నా సామాను సంచి అడిగితే, పూర్తిచేసినవారి వరుస అయ్యేదాకా ఆగమన్నారు. తమ్ముడికి అంతవరకూ ఉన్న ఓర్పు అక్కడ తెగింది. వాడి గొంతు విని సంచి రెండు నిమిషాల్లో వచ్చింది.

వేసవి రేసుకు వెళ్లాలనుకునేవారు పతకం బొమ్మ చూసి డబ్బు కట్టవద్దు. ప్రతి శిబిరంలో వాహనం ఉందా, ఐసు ఎన్ని గంటలదాకా ఉంటుంది, విరమిస్తే సంచి ఎక్కడిస్తారు అని రాతపూర్వకంగా అడగండి. జవాబు తిప్పితే మానుకోండి. ఎండకు శరీరం అలవాటు పడటానికి పది పధ్నాలుగు రోజులు పడుతుంది. నేను ఏసీ గదిలో ట్రెడ్‌మిల్ మీద సాధన చేసి వెళ్లాను, ఆ నేరం మాత్రం నిర్వాహకులది కాదు.

లాడ్జికి చేరేసరికి కుళాయిలో చుక్క నీరు లేదు. మోటారు మళ్లీ తెల్లవారి 5 గంటలకే వేస్తారట. బకెట్టు నీళ్లు కావాలంటే విడిగా కట్టమన్నారు, తమ్ముడు గొణుగుతూనే కట్టాడు. ఆ నీళ్లతో కాళ్లు కడుక్కుంటున్నప్పుడు ఉంగరం వేలి మీద కాస్త తిరిగింది.