బోనస్ పాయింట్ల ఆఫర్లు మూడు చూశాను: కార్డు పర్లేదు, లోన్ మాత్రం వద్దు

ఒకే బ్యాంకు, ఒకే యాప్, వరసగా మూడు ఆఫర్లు. కొత్త క్రెడిట్ కార్డు తీసుకుంటే 10,000 బోనస్ పాయింట్లు, పర్సనల్ లోన్ తీసుకుంటే 20,000, వేరే కార్డు మీదున్న బాకీని వీళ్ల కార్డుకి మార్చుకుంటే 5,000. బ్యాంకు పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే ఎక్కడ చూసినా అంకెలు మారతాయేమో గానీ తంతు ఇదే. కార్డు తీసుకుని వాడుతున్నాను. మిగతా రెండూ తీసుకోలేదు, అసలు ఈ రివ్యూ రాయాలనిపించింది ముఖ్యంగా ఆ లోన్ ఆఫర్ చూశాకే.

ముందు కార్డు సంగతి. 90 రోజుల్లో లక్ష ఖర్చు పెడితే బోనస్ ఇస్తారు, యాన్యువల్ ఫీజు 3,000, మామూలు ఖర్చుల మీద ప్రతి వందకీ 2 పాయింట్లు. 10,000 అనగానే పెద్దగా వినిపిస్తుంది కదా, అలా వినిపించాలనే పాయింటు విలువని అంత చిన్నగా పెడతారు. ఒక పాయింటు ఎంత అన్నది ఆఫర్ పేజీలో ఎక్కడా ఉండదు. పాయింట్లని వాడుకునే, అంటే రిడీమ్ చేసే పేజీలోకి వెళ్లి వెతుక్కోవాలి, అక్కడా ఒకే రేటు ఉండదు. నా కార్డులో అయితే బిల్లులో తగ్గించుకుంటే పాయింటుకి 0.20 రూపాయలు, గిఫ్ట్ వోచర్ తీసుకుంటే 0.25, ఎయిర్‌లైన్ మైల్స్‌గా (విమాన కంపెనీల సొంత పాయింట్లుగా) మార్చుకుని టికెట్ బుక్ చేస్తే దాదాపు 0.50 దాకా వస్తుంది. ఇక వస్తువుల కేటలాగ్ ఉంది చూడండి, దాని దరిదాపులకి పోవద్దు. అందులో 12,000 పాయింట్లకి పెట్టిన హెడ్‌ఫోన్సే బయట 1,800కి దొరుకుతున్నాయి, అంటే పాయింటు విలువ 0.15కి పడిపోయినట్టే.

ఇప్పుడు లెక్క వేయండి. లక్ష ఖర్చు పెట్టాక బోనస్ 10,000, మామూలు పాయింట్లు 2,000, వెరసి 12,000. బిల్లులో తగ్గించుకుంటే 2,400, ఫీజు కట్టింది 3,000, కాబట్టి మొదటి ఏడాది 600 చేతి నుంచే పోయింది. వోచర్ తీసుకుంటే 3,000కి 3,000 చెల్లు, మిగిలేది సున్నా. మైల్స్‌గా మార్చితే 6,000, ఫీజు పోను 3,000 మిగులుతుంది. అదే లక్ష ఫీజు లేని, 1 శాతం క్యాష్‌బ్యాక్ ఇచ్చే మామూలు కార్డు మీద పెడితే ఏ తలనొప్పీ లేకుండా 1,000 వస్తుంది. అంటే విమానం టికెట్లు ఎలాగూ కొనేవాళ్లకి ఈ బోనస్ లాభమే, మిగతావాళ్లకి క్యాష్‌బ్యాక్ కార్డే నయం. పోల్చాల్సింది బోనస్‌ని సున్నాతో కాదు, అదే ఖర్చుకి ఇంకో కార్డు ఇచ్చేదాంతో. ఈ ఒక్కటీ చాలామంది వదిలేస్తారు.

రెండో ఏడాది ఇంకా కష్టం. బోనస్ ఉండదు, ఫీజు ఉంటుంది. బిల్లులో తగ్గించుకునే రేటుతో చూస్తే వందకి 0.40 చొప్పున వస్తుంది, ఆ లెక్కన 3,000 ఫీజు రాబట్టుకోవాలంటే ఏడున్నర లక్షలు ఖర్చు పెట్టాలి. ఏడాదికి 3 లక్షలు దాటితే ఫీజు మాఫీ అంటున్నారు గానీ, దానికోసం ఖర్చంతా ఈ కార్డు మీదకే మళ్లించాలి, అప్పుడు 1 శాతం క్యాష్‌బ్యాక్ వదులుకున్నట్టే. మాఫీ కూడా ఊరికే రాదు అన్నమాట.

టర్మ్స్ అండ్ కండిషన్స్ చదివే ఓపిక ఉంటే రెండు చోట్ల ఆగి చదవండి, మిగతాది చూసీ చూడనట్టు పోయినా పర్లేదు. ఒకటి, 90 రోజులు ఎప్పటినుంచి అన్నది. నా కార్డుకి అప్రూవ్ అయిన రోజు నుంచి లెక్క, కార్డు చేతికొచ్చిన రోజు నుంచి కాదు, పైగా మీరు స్వైప్ చేసిన తేదీ కాకుండా ఆ లావాదేవీ అకౌంట్‌లో పోస్ట్ అయిన, అంటే నమోదైన తేదీ చూస్తారు. 89వ రోజు కొన్నది 91వ రోజు పోస్ట్ అయితే లెక్కలోకి రాదు. రెండు, ఏది ఖర్చు కింద లెక్కిస్తారు అన్నది. క్యాష్ తీయడం, వాలెట్‌లో డబ్బు వేసుకోవడం, ఇంధనం, అద్దె, పన్నులు, ఈఎంఐగా మార్చిన కొనుగోళ్లు, కార్డు ఫీజు ఇవేవీ నాకు లెక్కలోకి రాలేదు. కొన్ని కార్డుల్లో ఇన్సూరెన్స్, కరెంటు బిల్లు కూడా కోసేస్తారు. కొన్నది వెనక్కి ఇస్తే ఆ మొత్తం కూడా తీసేస్తారు.

ఈ కోత ఎలా జరుగుతుందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మీరు ఏం కొన్నారో బ్యాంకుకి కనపడదు, దానికి కనపడేది షాపు పేరు, బిల్లు మొత్తం, ఆ షాపు ఏ రకందో చెప్పే నాలుగంకెల మర్చంట్ కేటగిరీ కోడ్. ఐఎస్ఓ 18245 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఈ కోడ్‌లు ఉంటాయి, ఇంధనం బంకుకి 5541 గానీ 5542 గానీ, కరెంటు, నీళ్ల లాంటి సేవలకి 4900, బెట్టింగ్‌కి 7995. కోడ్ ఇచ్చేది షాపు వైపు ఉన్న బ్యాంకు. బంకు ఆవరణలో ఉన్న స్టోర్‌లో బ్రెడ్ ప్యాకెట్ కొన్నా, బిల్లు బంకు మెషీన్ మీద కొడితే అది ఇంధనమే. నాకు ఆన్‌లైన్‌లో చేసిన ఒక పేమెంట్ ఇలాగే యాప్‌లో ఖర్చు లెక్క చూపించే ట్రాకర్‌లో ఎక్కలేదు, కొన్నది వస్తువే అయినా ఆ సైటు పేమెంట్ వాలెట్ కోడ్ కింద వెళ్లిందట. కస్టమర్ కేర్ మొదట "సిస్టమ్ అప్‌డేట్ అవుతుంది, వేచి ఉండండి" అన్నారు, కోడ్ ఎంతో చెప్పమని గట్టిగా అడిగితేనే అసలు సంగతి బయటపడింది. అందుకే లక్ష టార్గెట్ అయితే ఓ పది, పదిహేను వేలు అదనంగా మీ మామూలు ఖర్చుల్లో ఉన్నాయో లేవో చూసుకునే దిగాలి. లేకపోతే చివరి వారంలో అవసరం లేనివి కొంటూ కూర్చోవాలి.

ట్రాకర్ అన్నాను కదా, యాప్ తెరవగానే పచ్చగీత ఒకటి "ఇంకా 18,000 ఖర్చు చేస్తే 10,000 పాయింట్లు మీవే" అంటూ కనపడుతుంది. వాళ్ల మార్కెటింగ్ టీమ్‌కి దండం పెట్టాల్సిందే. 2006లో కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు కాఫీ షాపు కార్డులతో చేసిన ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. కొందరికి 10 ముద్రలు పడితే కాఫీ ఫ్రీ అనే కార్డు, ఇంకొందరికి 12 ముద్రల కార్డు, కానీ అందులో 2 ముందే కొట్టి ఇచ్చారు. ఇద్దరూ కొనాల్సింది పదే, అయినా రెండో రకం వాళ్లే త్వరగా పూర్తి చేశారు. గమ్యం దగ్గరపడేకొద్దీ కొనడం కూడా వేగం పెరిగింది. ఈ కార్డు కూడా అప్రూవ్ కాగానే 500 వెల్‌కమ్ పాయింట్లు వేసి గీతని కొంచెం ముందుకి జరిపింది. నేను యాప్ నోటిఫికేషన్లు ఆపేసి నెలకోసారి స్టేట్‌మెంట్ మాత్రమే చూసుకున్నాను, అది చాలు.

ఇవన్నీ బిల్లు మొత్తం గడువులోపు కట్టేవాళ్లకి. మినిమమ్ డ్యూ (కనీసం కట్టాల్సిన మొత్తం) మాత్రం కట్టి మిగతా బాకీని తరవాతి నెలకి మోసేవాళ్లయితే పాయింట్ల గురించి ఆలోచించడమే దండగ. నెలకి 3 శాతం వడ్డీ అనుకున్నా లక్ష మీద ఒక్క నెలకే 3,000, బోనస్ మొత్తం బిల్లు రేటులో 2,000. పైగా బాకీ మిగిల్చిన కార్డు మీద చాలా చోట్ల వడ్డీ లేని గడువు కూడా పోతుంది, కొత్తగా కొన్న ప్రతిదానికీ కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

ఇక లోన్. "5 లక్షల పర్సనల్ లోన్ తీసుకోండి, 20,000 రివార్డ్ పాయింట్లు పొందండి" అని బంగారు రంగు బ్యానర్. వడ్డీ 14 శాతం, 36 నెలలు, ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం. అదే సమయంలో పాయింట్లూ గీయింట్లూ లేని ఇంకో చోట 13 శాతానికి, 1 శాతం ఫీజుతో ఇస్తున్నారు. 14 శాతానికి ఈఎంఐ 17,089, 13 శాతానికి 16,847. నెలకి తేడా 242 అంతే, బ్యానర్ పక్కన పెట్టి చూస్తే ఏమంత లేదనిపిస్తుంది. 36తో గుణించండి, 8,700 పైన తేలుతుంది. ప్రాసెసింగ్ ఫీజులో తేడా 5,000. ఈ రెండూ కలిపి 13,700 ఎక్కువ కట్టి మనం తెచ్చుకునే 20,000 పాయింట్లకి బిల్లు రేటులో విలువ 4,000. మైల్స్‌గా మార్చి 0.50 చొప్పున లాగినా 10,000, అప్పటికీ నష్టమే. ఫీజులు సమానమే అనుకున్నా, వడ్డీలో అరశాతం తేడా ఉంటే చాలు, ఆ 4,000 హుష్‌కాకి. అప్పు ఎంత ఎక్కువ కాలానికి తీసుకుంటే ఈ తేడా అంత పెరుగుతుంది, పాయింట్లు మాత్రం అక్కడే ఉంటాయి.

ఇంకో మెలిక కూడా ఉంది. ఆ పాయింట్లు లోన్ డబ్బు చేతికొచ్చిన రోజున పడవు, ఆరు ఈఎంఐలు సమయానికి కట్టాక పడతాయి, ఈలోపు ముందే తీర్చేస్తే బోనస్ రద్దు. చేతిలో డబ్బు ఆడినప్పుడు అప్పు తొందరగా తీర్చేసుకోవడం మంచి అలవాటు, దాన్ని చెడగొట్టడానికే పెట్టిన షరతు ఇది. ఒకవేళ వడ్డీ, ఫీజు, ముందే తీర్చేస్తే పడే చార్జీ అన్నీ రెండు చోట్లా ఒకటే అయితే సరే, పాయింట్లు తీసుకోండి, ఎవరొద్దన్నారు. అలాంటి జోడీ నాకైతే కనపడలేదు.

బాకీ మార్పిడి ఆఫర్ మీద నా అభిప్రాయం కొంచెం వింతగా ఉంటుంది: ఈ మూడింట్లో కొందరికి బాగా పనికొచ్చేది ఇదే, కాకపోతే పాయింట్ల వల్ల కాదు. 3 శాతం ఫీజు, ఆరు నెలలు వడ్డీ లేదు. నెలకి 3 శాతం కడుతున్నవాళ్లు లక్ష బాకీని ఇక్కడికి మార్చుకుని ఆరు నెలల్లో తీర్చగలిగితే ఫీజు 3,000తో బయటపడతారు. అలాగే మోస్తే మొదటి నెల వడ్డీయే అంత అవుతుంది. ఐదువేల పాయింట్లంటే 1,000, ఉన్నా లేకున్నా నిర్ణయం మారదు. మార్చుకున్న కార్డు మీద కొత్తగా ఏదీ కొనకూడదు, ఒక్క వాయిదా తప్పినా సున్నా వడ్డీ ఎగిరిపోవచ్చు, ఈ రెండూ గుర్తుంటే చాలు.

పాయింట్లని దాచుకోవద్దని కూడా చెప్తాను. విమాన కంపెనీల్లో మైళ్ల పథకం 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పెద్ద ఎత్తున మొదలుపెట్టింది, క్రమంగా కార్డులూ ఆ దారే పట్టాయి. ఎన్ని మైళ్లకి ఏ టికెట్టో చెప్పే పట్టికని డెల్టా ఎయిర్‌లైన్స్ 2015లో తీసేసింది, యునైటెడ్ 2019లో. అప్పటినుంచి ఏ రోజు ఎంత అడుగుతారో వాళ్లిష్టం. పాయింట్ల సొమ్ములో పెద్ద భాగం షాపుల దగ్గర ప్రతి స్వైప్ మీదా వసూలు చేసే ఇంటర్‌చేంజ్ ఫీజు నుంచే వస్తుంది. 2015లో యూరోపియన్ యూనియన్ క్రెడిట్ కార్డులకి దాన్ని 0.3 శాతానికి పరిమితం చేశాక అక్కడ పాయింట్లు పలచబడిపోయాయి. మీ పాయింటు విలువ రేపు తగ్గించే హక్కు బ్యాంకుకి టర్మ్స్‌లోనే ఉంటుంది, దాచుకున్నందుకు మనకి వచ్చే వడ్డీ ఏమీ లేదు.

నా బోనస్ గడువు దాటిన తరవాతి స్టేట్‌మెంట్‌లో పడింది, అదీ ఒకసారి గుర్తు చేశాకే. ఆఫర్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం వల్ల వాదన లేకుండా పోయింది, ఎందుకంటే అప్పటికే ఆ పేజీలో బోనస్ 7,500 అని మారిపోయి ఉంది. ఏడాది లోపు కార్డు మూసేస్తే బోనస్ వెనక్కి తీసుకుంటారు, కాబట్టి రెండో ఏడాది ఫీజు పడే తేదీ ఫోన్‌లో పెట్టుకున్నాను, మాఫీ ఇవ్వకపోతే ఫీజు లేని కార్డుకి మార్చమంటాను. కార్డుకి ఐదుకి మూడు, ట్రాకర్ ఎక్కని కోడ్ గొడవకి అర తగ్గించి రెండున్నర. లోన్ ఆఫర్‌కి ఒకటి, అది కూడా ఈఎంఐ అంకెలు దాచకుండా చూపించినందుకు.