తొమ్మిదేళ్ల తర్వాత మా ఎంజీబీ: తుప్పు పనిలో నిలిచినవీ, నిలవనివీ

2016 వేసవిలో కొన్నాను ఈ కారు. 1972 ఎంజీబీ రోడ్‌స్టర్ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, టీల్ బ్లూ రంగు, క్రోమ్ బంపర్లు. ఇంగ్లండ్‌లో కవెంట్రీ దగ్గర ఒకాయన గరాజ్‌లో దుప్పటి కప్పి ఉంచాడు. దుప్పటి తీస్తే నిగనిగలాడింది. "సిల్స్ ఈమధ్యే మార్పించాను" అన్నాడు. సిల్స్ అంటే రెండు వైపులా డోర్ల కింద ఉండే రేకు పెట్టెలు. నమ్మేశాను.

ఇంటికి తెచ్చి నాన్నకు వీడియో కాల్‌లో చూపించాను. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు టింకరింగ్ చేసిన మనిషి. రంగు వంక చూడనే లేదు. "ఫోను కిందికి పెట్టరా, అడుగు చూపించు" అన్నారు. సిల్ దగ్గర ఆపమన్నారు. "స్క్రూడ్రైవర్ తీసుకుని పొడువు." జాకీ పెట్టే చోటికి జానెడు వెనక పొడిచాను. పిడి దాకా దిగిపోయింది. తిప్పి లాగితే తుప్పు పొట్టుతో పాటు లప్పం పెచ్చు ఊడింది. దాని వెనక ఫైబర్‌గ్లాస్ పీచు, ఆ వెనక ఉండచుట్టి కుక్కిన పాత న్యూస్‌పేపరు. పైన పటారం, లోన లొటారం.

ఈ కారులో సిల్స్ అంటే అలంకారం కాదు. 1962 నుంచి 1980 దాకా అబింగ్డన్‌లో 5 లక్షలకు పైగా తయారైన ఎంజీబీకి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. రోడ్‌స్టర్‌కైతే రేకు టాప్ కూడా లేదు. నడుం దగ్గర వంగిపోకుండా బండిని పట్టుకునే బరువంతా చాలావరకు ఆ రెండు సిల్స్ మీదే. బయట ఒక రేకు, మధ్యలో నిలువుగా ఒకటి, లోపల ఇంకొకటి, అడుగున కాజిల్ రైల్ అనే పట్టీ. నాలుగూ కలిస్తేనే అది గట్టి పెట్టె. పైగా బయటి రేకు మనకు కనిపించేంత వరకే ఉండదు. ముందు మడ్గార్డు కిందికీ, వెనక మడ్గార్డు కిందికీ పోతుంది. సరిగ్గా మార్చాలంటే ముందుది బోల్టులు విప్పి తీయాలి, వెనకదాని అడుగు కోయాలి. ఆ బాధ పడలేక కనిపించే ముక్క మీదే కొత్త రేకు తొడిగి రంగు కొట్టేస్తారు. నా బండికి జరిగిన "మార్పించడం" అదే.

కొత్త బాడీషెల్, అంటే ఖాళీ బాడీ మొత్తం, తెప్పించుకునే దారి లేకపోలేదు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు 1988 నుంచి పాత అచ్చులతోనే ఎంజీబీ షెల్స్ కొడుతున్నారు. కానీ దాని ధర పదివేల పౌండ్లు దాటుతుంది, నేను బండి కొన్నదే అంతకు తక్కువకి. సాయంత్రం క్లాసుకు వెళ్లి, తీగ కరిగించి రేకులు అతికే మిగ్ వెల్డింగ్ నేర్చుకుని నేనే మొదలుపెట్టాను. పద్నాలుగు నెలలు పట్టింది.

రేకుల సంగతి ముందు చెప్తాను. డబ్బు మిగులుతుందని ఒక చోట చవకరకం మడ్గార్డు తెప్పించాను. హెడ్‌లైటు చుట్టూ వంపు తేడా, డోరు వైపు గ్యాప్‌లో వేలు పట్టేది. మూడు వారాంతాలు సుత్తీ దిమ్మెలతో కుస్తీ పట్టి, చివరికి పక్కన పడేసి పాత అచ్చులో కొట్టిన రేకే కొన్నాను. అది గంటలో కూర్చుంది. చవకరకం ఇంకా గరాజ్ గోడకు వేలాడుతూనే ఉంది.

నా సొంత తప్పు ఇంకోటి. సిల్ కోసేముందు డోరు తీసి, ఆ ఖాళీలో అడ్డంగా ఇనప కడ్డీ బిగించాలి. బిగించాను. కానీ స్టాండ్లు బండికి ముందు కొసన, వెనక కొసన పెట్టాను. మధ్యలో కొద్దిగా దిగింది, కంటికి ఆనలేదు. ఆ దిగిన రూపంలోనే కుడివైపు మొత్తం వెల్డ్ చేసేశాను. డోరు తగిలిస్తే పై మూల పట్టుకుని మూసుకోదు! వేసిన వెల్డులన్నీ గ్రైండర్‌తో కోసి మళ్లీ మొదటికి. రెండోసారి బరువు సమంగా పడేలా ఆనించి, అక్కడక్కడా టాక్ (చుక్క వెల్డు) వేసి, డోరు తగిలించి గ్యాప్ చూసుకున్నాకే పూర్తి వెల్డు వేశాను. ఎడమవైపు ఆరు రోజుల్లో అయిపోయింది.

ఇక తొమ్మిదేళ్ల లెక్క. కోసి కొత్త రేకు వేసిన ప్రతి చోటా బాగుంది. పోయిన నెల సిల్ లోపలికి చిన్న కెమెరా దూర్చి చూశాను, అతుకుల వెంట ఎర్రమరక కూడా లేదు. తుప్పును మార్చేస్తుందని అమ్మే నల్లటి ద్రావణం మాత్రం నన్ను ముంచింది. సీట్ల వెనక, బ్యాటరీ పెట్టెల చుట్టూ కోయడానికి బద్ధకించి అదే పూశాను. రెండో చలికాలానికి పొంగి పెచ్చులు లేచింది. అందులోని ఆమ్లం తనకు తగిలిన పొరనే మారుస్తుంది. కింద పొరలుపొరలుగా ఉన్న తుప్పు ఉన్నచోటే ఉండి తన పని తాను చేసుకుపోతుంది. వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకిన రేకు మీదైతే పర్లేదు, గీకడం కుదరని చోట దండగ.

అడుగున దళసరిగా పూసే తారులాంటి అండర్‌సీల్ జోలికి ఇక పోను. అది ఎండి బీటలిస్తుంది, బీటలోంచి నీళ్లు దూరుతాయి, బయటికి మాత్రం రావు. పైన నల్లగా నున్నగా ఉంటుంది, లోపల అప్పడంలా అయిపోతుంది.

పెట్టిన ప్రతి పైసా దక్కింది మాత్రం క్యావిటీ వ్యాక్స్‌లో, అంటే బోలు భాగాల లోపల చిమ్మే మైనంలో. ఏటా అక్టోబరులో ఎండ ఉన్న రోజు చూసుకుని, డబ్బాలను వేడినీళ్ల బకెట్‌లో అరగంట ఉంచుతాను. చుట్టూ చిమ్మే నాజిల్ ఉన్న సన్నటి గొట్టాన్ని సిల్ చివరిదాకా తోసి, కొడుతూ నెమ్మదిగా వెనక్కి లాగుతాను. అడుగున నీళ్లు పోవడానికి ఉన్న కన్నాల్లోంచి తేనె రంగు చుక్కలు కారితే లోపలంతా తడిసినట్టు. ఆ కన్నాలు మూసుకోకుండా తర్వాత తీగతో పొడవాలి. నాన్న అడిగేదీ ఆ ఒక్కటే: "చిల్లులు తెరిచే ఉన్నాయిగా?" గరాజ్‌లో వారం పాటు వాసన ఉంటుంది, మా ఆవిడ అటువైపు రాదు.

ముందు చక్రాల వెనక ఉండే అడ్డురేకుకు రబ్బరు సీలు ఉంటుంది. అది పోతే బురదంతా మడ్గార్డు లోపల పేరుకుంటుంది. చిన్న రబ్బరుముక్కే, నేను ఇప్పటికి రెండుసార్లు మార్చాను. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలుపెట్టాక బండి బయటికి తీయను. మార్చిలో రెండు మంచి వానలు కురిసి ఉప్పు కొట్టుకుపోవాలి.

రంగు గురించి చెప్పడానికేం లేదు. డబ్బిచ్చి వేయించాను, బానే ఉంది.

నలభై ఏళ్లు దాటిన బండ్లకు 2018 నుంచి ఇక్కడ ఇంగ్లండ్‌లో ఎంఓటీ, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందా అని ఏటా చూసే పరీక్ష, సాధారణంగా తప్పనిసరి కాదు. అయినా ఏటా తీసుకెళ్తాను. నేను పొడవని చోట ఇంకొకరు పొడుస్తారని.

ఆ తొమ్మిదేళ్ల కింద "ఇది బానే ఉందిలే" అని కోయకుండా వదిలేసిన చోటు ఒక్కటే ఉంది. ఎడమ వెనక మడ్గార్డు, డోరు పక్క కింది మూల. ఈ ఏడు అక్కడ రంగు కింద పెసరగింజంత బుడగ లేచింది. నాన్నకు ఇంకా చూపించలేదు.