టోడీ పిట్టలకు పెంటాక్స్ పాపీలియో 6.5×21: దగ్గరి చూపుకు భేష్, వానకు వద్దు

టోడీల కోసమని 10×42 (పదింతలు దగ్గరగా చూపే, 42 మి.మీ. ముందు అద్దాల) బైనాక్యులర్ కొంటే డబ్బు తప్పు చోట పెట్టినట్టే. కరీబియన్ దీవుల్లో తప్ప ఇంకెక్కడా లేని ఈ పిట్టలకు మనిషంటే పెద్ద బెదురు లేదు, రెండు మూడు మీటర్ల దూరంలోనే కూర్చుంటాయి. క్యూబా, జమైకా, ప్యూర్టోరికోల్లో ఒక్కో జాతి, హైతీ, డొమినికన్ రిపబ్లిక్ ఉన్న హిస్పానియోలా దీవిలో రెండు. అన్నిటికీ పచ్చటి వీపు, ఎర్రటి గొంతు. పొడవు సుమారు 11 సెం.మీ., బరువు కొద్ది గ్రాములే. మన పాలపిట్టకీ లకుముకికీ దూరపు చుట్టాలు. ఇంత దగ్గర్లో మామూలు బైనాక్యులర్ చాలావాటికి ఫోకస్ అందదు. అందినా బొమ్మ రెండుగా చీలి కళ్ళు లాగుతాయి.

పెంటాక్స్ వాళ్ళ పాపీలియో 2 బైనాక్యులర్, 6.5×21ది, అర మీటరు దాకా ఫోకస్ అవుతుంది. చక్రం దగ్గరికి తిప్పేకొద్దీ లోపలి ముందు లెన్సులు ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి కాబట్టి బొమ్మ చీలదు. రెండు మీటర్ల అవతలి టోడీ ముప్పై సెంటీమీటర్లలో ఉన్నట్టే: చదునైన పొడుగు ముక్కు, దాని కింది దవడ ఎరుపు, ఆకుల అడుగు వెతుకుతూ పైకెత్తిన తల. బరువు 290 గ్రాములే, రోజంతా మెడలో ఉన్నా బరువనిపించదు.

ఇదే మోడల్లో 8.5×21 కూడా ఉంది. దాని జోలికి పోకండి. మూడు మీటర్ల దగ్గర 6.5 పవర్‌లో దాదాపు 39 సెం.మీ. వెడల్పు కనిపిస్తే, 8.5లో 31 మాత్రమే. టోడీ కదలకుండా కూర్చుని, ఉన్నట్టుండి వంపుగా ఎగిరి, ఆకు అడుగున ఉన్న పురుగును లాక్కుని వేరే కొమ్మ మీద వాలుతుంది. అద్దాల్లోంచే వెంటాడబోతే దొరకదు. బైనాక్యులర్ దించి, ఉత్త కంటితో వాలిన చోటు పట్టుకుని, చూపు తిప్పకుండా మళ్ళీ ఎత్తాలి. నడక మొదలుపెట్టేముందే మూడు మీటర్ల దూరంలోని ఆకు మీద ఫోకస్ పెట్టి ఉంచుకుంటే సగం పని అయినట్టే. దగ్గర్లో వేలెడు దూరం మారినా బొమ్మ చెదురుతుంది, చక్రం మెల్లగా తిప్పాలి.

లోటల్లా వెలుతురుతోనే. దీన్నుంచి కంటికి చేరే వెలుగు కట్ట వెడల్పు 3.2 మి.మీ. 8×42లో అది 5.25. చిక్కటి అడవిలో, తెల్లవారుజామున, ఈ తేడా బాగా తెలుస్తుంది. మసకలో ముందు మాయమయ్యేది ఎరుపే, అంటే టోడీ గొంతే. హిస్పానియోలాలో ఇది ఇంకా ఇబ్బంది. అక్కడి రెండు జాతుల్లో సన్నముక్కుదానికి కన్ను లేత రంగు, ముక్కు కింది దవడ కొన నలుపు. వెడల్పుముక్కుదానికి కన్ను ముదురు రంగు, కింది దవడ పూర్తిగా ఎరుపు. సన్నముక్కుది ఎత్తైన తేమ అడవుల్లో ఉండేదే కాబట్టి, వెలుతురు అవసరమైన చోటే వెలుతురు తక్కువ. పొద్దెక్కాక వెళ్ళండి.

ఇది వాటర్‌ప్రూఫ్ కాదు. ప్యూర్టోరికోలోని ఎల్ యుంకే లాంటి వాన అడవికి ఏసీ కారులోంచి దిగి వెంటనే తీస్తే అద్దాలకు ఆవిరి పడుతుంది. పైన పడింది తుడవొచ్చు, లోపల పడితే ఆరేదాకా ఆగాల్సిందే. జిప్ సంచిలో పెట్టి, సంచి మూతి తెరవకుండా అరగంట బయటి వేడికి అలవాటు పడనిచ్చి అప్పుడు తీయాలి. రాత్రిళ్ళు రెండు సిలికా జెల్ పొట్లాలతో కలిపి డబ్బాలో ఉంచాలి. కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళు ఐకప్పులు (కంటి వైపు ఉండే రబ్బరు అంచులు) పూర్తిగా కిందికి తిప్పుకోవాలి. కంటిదూరం (బొమ్మ మొత్తం కనిపించాలంటే అద్దానికి కన్ను ఉండాల్సిన దూరం) 15 మి.మీ. కాబట్టి మందపాటి ఫ్రేము ఉంటే అంచులు కొంత పోతాయి.

ఒకటే బైనాక్యులర్ కొనేవాళ్ళకు ఇది వద్దు, రెండు మీటర్ల లోపు ఫోకస్ అయ్యే 8×42 మేలు. రెండోదిగా, సీతాకోకచిలుకలకీ తూనీగలకీ కూడా వాడుకుంటామంటే కళ్ళు మూసుకుని కొనొచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ప్యూర్టోరికో డొమెస్టిక్ ఫ్లైటే, టోడీల కోసం దేశం దాటక్కర్లేదు.

అర మీటరు ఫోకస్ ఉంది కదా అని గూడు దాకా మాత్రం వెళ్ళకండి. మట్టిగట్టుకు అడుగు లోతు బొరియ తవ్వి గుడ్లు పెడతాయి. ఒక్కో పిల్లకు రోజుకు 140 సార్ల దాకా మేత తెస్తాయి. మనం పది నిమిషాలు బొరియ ముందు నిలబడితే ఆ పది నిమిషాల మేతలు ఆగినట్టే. వాటికి ముంగిసల బాధ ఎటూ ఉంది: చెరకు తోటల్లో ఎలుకల కోసమని 1872లో కలకత్తా నుంచి జమైకాకు తెచ్చిన రకమే అది.