పాత బండికి ఏ ఆయిల్ మేలు: మినరలా, సింథటికా?

"బండికి ఇరవై ఏళ్లు దాటాయి, ఇకనైనా సింథటిక్ పోయించనా?" అని నన్ను ఎవరో ఒకరు అడగని నెల ఉండదు. అడిగేవాళ్లలో కొందరు బండి మీద ప్రేమ కొద్దీ ఖరీదైనదే పోయాలనుకుంటారు. మరికొందరు సింథటిక్ పోస్తే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీళ్లు పోతాయని ఎక్కడో విని భయపడుతుంటారు. ఈమధ్యే నా బండికి ఆయిల్ మార్చే రోజు వచ్చింది. రెండు డబ్బాలూ ముందు పెట్టుకుని ఆలోచించి, చివరికి మినరలే పోశాను. ఎందుకు పోశానో చెప్తాను. ఏ బండికి నేనే సింథటిక్ పోయమంటానో అదీ చెప్తాను.

నా బండి గాలితో చల్లబడే ఫోర్ స్ట్రోక్. కార్బ్యురేటరు, కిక్కు, పట్టేది లీటరు ఆయిల్. ఇంజనుకీ, క్లచ్‌కీ, గేర్లకీ అదే లీటరు. పాత బండ్లు చాలావరకు ఇలాంటివే కాబట్టి నేను చెప్పేది వీటికే. టూ స్ట్రోక్ లెక్క వేరు. దానిలో ఇంజన్ ఆయిల్ పెట్రోలుతో కలిసి కాలిపోతుంది, గేర్లకు వేరే ఆయిల్ ఉంటుంది.

ముందు డబ్బా మీది మాట గురించి. మినరల్ అంటే ముడి చమురు నుంచి శుద్ధి చేసి తీసిన ఆయిల్. సింథటిక్ అనగానే ప్రయోగశాలలో అణువు అణువూ పేర్చి తయారుచేసిందని అనుకుంటాం. ఒకప్పుడు అంతే. కానీ ముడి చమురునే హైడ్రోజన్‌తో గట్టిగా శుద్ధి చేసి తీసే గ్రూప్ 3 ఆయిల్‌ని కూడా సింథటిక్ అనొచ్చా అన్న తగాదా అమెరికాలో ఆయిల్ కంపెనీలు క్యాస్ట్రాల్‌కీ మొబిల్‌కీ మధ్య వచ్చింది. అక్కడి ప్రకటనల పరిశీలన సంస్థ 1999లో అనొచ్చని తేల్చింది. అప్పటి నుంచి సింథటిక్ అని రాసి ఉన్న డబ్బాలో గ్రూప్ 3 ఉండొచ్చు, రసాయనికంగా పేర్చి తయారుచేసే పీఏఓ ఉండొచ్చు, ఎస్టర్ ఉండొచ్చు. కాబట్టి ఆ ఒక్క పదం చూసి నాణ్యత తేల్చలేం. పాత బండికి డబ్బా వెనక రాసిన గ్రేడూ (చిక్కదనం అంకె), జాసో గుర్తూ (బైకు ఆయిళ్ల జపాన్ ప్రమాణం) ఇంతకన్నా చాలా ముఖ్యం.

సీళ్ల భయం సంగతికొస్తే, దానికి కారణం లేకపోలేదు. 1970లలో మొదట వచ్చిన కొన్ని సింథటిక్‌లు రబ్బరు సీళ్లతో సరిగా పొసగలేదు. పీఏఓకి రబ్బరును కొద్దిగా కుదించే గుణం ఉంది, ఎస్టర్‌కి ఉబ్బించే గుణం ఉంది. ఇప్పుడు తయారుచేసేవాళ్లు రెండింటినీ లెక్క చూసి కలుపుతున్నారు, కనుక ఈ రోజుల్లో మంచి సింథటిక్ బాగున్న సీలును పాడుచేయదు. అయితే పాత బండి సీలు బాగుందని ఎవరు చెప్పగలరు? ఏళ్ల తరబడి వేడికి కాగి రబ్బరు గట్టిపడుతుంది. దాని అంచు అరిగిపోయిన చోట మడ్డి పేరుకుని, ఆ మడ్డే సీలు పని చేస్తుంటుంది. బాగా శుభ్రం చేసే ఆయిల్ పోస్తే ఆ మడ్డి కరిగి, ఎప్పటి నుంచో ఉన్న లీకు బయటపడుతుంది.

నాకు జరిగింది అదే. నాలుగేళ్ల క్రితం మొదటిసారి ఫుల్ సింథటిక్ పోశాను. ఇంజన్ శబ్దం తగ్గింది, గేర్లు వెన్నలా పడ్డాయి, న్యూట్రల్ ఇట్టే దొరికింది. మూడో వారంలో కిక్ షాఫ్ట్ దగ్గర ఒక చుక్క, ఆ తర్వాత ముందు స్ప్రాకెట్ దగ్గర తడి కనిపించాయి. విప్పి చూస్తే సీలు రాయిలా గట్టిపడి ఉంది. కొత్త సీళ్లు వేశాక అదే సింథటిక్‌తో చుక్క కూడా కారలేదు. కాబట్టి లీకు భయంతో సింథటిక్ వద్దనడం నాకు సరిగా అనిపించదు. ఇరవై ఏళ్ల సీలు ఈరోజు కాకపోతే రేపు మార్చాల్సిందే.

క్లచ్ జారుతుందన్న భయమూ ఇంతే. మన బండ్లలో క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి తిరుగుతాయి. రాపిడి బాగా తగ్గించే పదార్థాలు కలిపిన ఆయిల్ పోస్తే ప్లేట్లు జారతాయి. ఈ ఇబ్బంది వల్లే జపాన్ వాళ్లు 1998లో బైకుల కోసం జాసో టి903 ప్రమాణం తెచ్చారు. ఎంఏ, ఎంఏ1, ఎంఏ2 అని ఉంటే తడి క్లచ్‌కి పనికొస్తుంది. ఎంబీ అని ఉంటే స్కూటర్ల లాంటి వాటికి, తడి క్లచ్‌కి వద్దు. మినరల్‌కైనా సింథటిక్‌కైనా ఈ పరీక్ష ఒక్కటే. ఎంఏ2 ఉన్న సింథటిక్‌తో క్లచ్ జారితే ప్లేట్లు అరిగాయేమో, స్ప్రింగులు మెత్తబడ్డాయేమో చూడండి, లేదా కేబుల్ ఫ్రీప్లే (లీవరు దగ్గరి వదులు) సరిచేయండి.

ఇక ఏది పోయాలో నాకు తేల్చిచెప్పే విషయం దగ్గరికి వస్తాను. పాత బండిలో ఆయిల్ ముసలిదయ్యేలోపే మురికిదైపోతుంది.

సింథటిక్ గొప్పతనమంతా ఓర్పులో ఉంది. వేడికి తొందరగా ఆక్సిడైజ్ కాదు, తక్కువ ఆవిరవుతుంది, ఎక్కువ దూరం చిక్కదనం నిలుపుకుంటుంది. ఆ ఓర్పు ఉపయోగపడాలంటే ఆయిల్ శుభ్రంగా ఉండాలి. కొత్త బండిలో ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోలును కొలిచి పోస్తుంది, పేపర్ ఫిల్టర్ మురికిని పట్టేస్తుంది. నా బండిలో ఈ రెండూ లేవు. పొద్దున చోక్ లాగితే పెట్రోలు ఎక్కువగా వెళ్తుంది. అరిగిన పిస్టన్ రింగుల పక్కనుంచి అందులో కొంత కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. మండిన గ్యాసూ, మసీ అదే దారిలో వస్తాయి. దగ్గర దూరాలే తిరిగితే ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, లోపలి తేమ ఆవిరై పోదు. ఆయిల్ మూత తీసినప్పుడు లోపల మీగడ లాంటి తెల్లటి నురుగు కనిపిస్తే అది ఆ నీళ్లే. వీటికి తోడు క్లచ్ ప్లేట్ల నుంచి రాలే పొడి, గేర్ల పళ్ల నుంచి రాలే ఇనుప రజను.

ఇదంతా పట్టడానికి లోపల ఏముంది? చాలా పాత బండ్లలో ఒక ఇనుప జాలీ. కొన్నిటిలో క్రాంక్ షాఫ్ట్ చివర గిరగిరా తిరుగుతూ బరువైన మురికిని గోడలకు అంటించే సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్. జాలీ పెద్ద ముక్కల్నే ఆపుతుంది. ఆ రెండో దాన్ని శుభ్రం చేయాలంటే క్లచ్ కవర్ విప్పాలి, ఆ పని ఎంతమంది చేయిస్తారు? సన్నటి మురికిని బయటికి పంపే దారి ఒక్కటే. ఇంజన్ కింది డ్రెయిన్ బోల్ట్ విప్పి ఆయిల్ దింపేయడం.

సింథటిక్ పోసిన రెండేళ్లలో నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది. నా బండి పుస్తకంలో ప్రతి 2000 కిలోమీటర్లకు ఆయిల్ మార్చమని ఉంది. ఖరీదైన ఆయిల్ కదా, ఇంకొన్నాళ్లు వస్తుందిలే అని 5000 దాకా లాగాను. దింపినప్పుడు అది తారులా నల్లగా ఉంది, దగ్గరికి తెస్తే పెట్రోలు వాసన కొట్టింది, జాలీ నిండా క్లచ్ పొడి. ఆయిల్ సింథటిక్ కాబట్టి అది ఇంకా పాడైపోయి ఉండకపోవచ్చు. కానీ వాల్వులను తెరిచే నా కామ్ షాఫ్ట్ ఆ మురికిలోనే తిరిగింది. ఆ తర్వాత టాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) సెట్ చేయించినా పాత నిశ్శబ్దం రాలేదు, హెడ్ విప్పి చూస్తే కామ్ మీద గీతలు. అది చూసి నాకు నిజంగా బాధ కలిగింది. ఆ ఇంజన్ అన్నేళ్లు నన్ను దారిలో ఆపలేదు.

అందుకే నా లెక్క ఇలా ఉంటుంది. ఒకసారి సింథటిక్‌కి పెట్టే డబ్బుతో మినరల్ రెండు సార్లో అంతకన్నా ఎక్కువో మార్చుకోవచ్చు. పాత బండికి ఆ రెండో మార్పే ప్రాణం. ప్రతి మార్పుతో పెట్రోలు, నీళ్లు, రజను అన్నీ కలిపి బయటికి పోతాయి. ఖరీదు చూసుకోకుండా సింథటిక్‌ని కూడా 2000కే మారుస్తానంటారా, హాయిగా పోయండి, ఇంజనుకు మేలే. అలా నిజంగా మార్చేవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ. బండి తక్కువ తిరిగినా కనీసం ఏడాదికి ఒకసారి దింపేయండి.

గ్రేడు విషయంలో మాత్రం ప్రయోగాలు వద్దు. పుస్తకంలో 20డబ్ల్యూ-40 అనో 20డబ్ల్యూ-50 అనో ఉంటే అదే పోయండి. డబ్ల్యూ అంటే వింటర్, దాని ముందున్న అంకె చలిలో చిక్కదనం. 20డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 15 డిగ్రీల దగ్గర, 10డబ్ల్యూని మైనస్ 25 దగ్గర పరీక్షిస్తారు. రెండో అంకె వేడి ఇంజన్‌లో చిక్కదనం. 100 డిగ్రీల దగ్గర 40 గ్రేడు 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) మధ్య ఉంటుంది, 50 గ్రేడు 16.3 నుంచి 21.9 మధ్య. సింథటిక్ పలచగా ఉంటుందని చాలామంది అంటారు. ఒకే గ్రేడు అయితే వేడి మీద రెండూ ఈ హద్దుల్లోనే ఉంటాయి. పలచగా అనిపించిందంటే పాత 20డబ్ల్యూ-50 తీసేసి 10డబ్ల్యూ-30 పోసి ఉంటారు. అరిగిన ఇంజన్‌కి అలా చేస్తే శబ్దమూ పెరుగుతుంది, ఆయిల్ తాగడమూ పెరుగుతుంది.

గేర్ల దగ్గర సింథటిక్‌ది నిజమైన పైచేయి, అది ఒప్పుకోవాలి. వేడికి ఆయిల్ మరీ పలచబడకుండా అందులో పొడవాటి పాలిమర్లు కలుపుతారు. గేర్ల పళ్ల మధ్య నలిగి అవి తెగిపోతాయి, ఆయిల్ పలచబడుతుంది, గేర్లు టకటకమంటూ గట్టిగా పడటం మొదలవుతుంది. సింథటిక్‌కి ఈ పాలిమర్లు తక్కువ సరిపోతాయి. 20డబ్ల్యూ-40 మినరల్‌కి కూడా అంత ఎక్కువ అక్కర్లేదు, రెండు అంకెల మధ్య దూరం తక్కువ కాబట్టి. 10డబ్ల్యూ-40 మినరల్‌కే ఎక్కువ కావాలి. మీ బండి పుస్తకం 10డబ్ల్యూ-40 అడుగుతుంటే నేను సింథటిక్ వైపు మొగ్గుతాను.

ఇంకా ఎవరికి సింథటిక్ చెప్తాను? ఇంజన్ విప్పి బోరు (సిలిండర్), రింగులు, సీళ్లు కొత్తవి వేయించి, పేపర్ ఫిల్టర్ ఉన్న పాత పెద్ద బండి నడిపేవాళ్లకు. నిండు ఎండలో ట్రాఫిక్‌లో గంటల తరబడి నిలబడి, గాలి తగలక హెడ్ కాలిపోయేలా వేడెక్కే బండికి. గడ్డకట్టే చలిలో పొద్దున్నే స్టార్ట్ చేయాల్సినవాళ్లకు. అయితే కొత్త రింగులు వేశాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మాత్రం మినరలే పోయండి. రింగులు బోరుకు కుదిరాక మారవచ్చు. ఒకసారి సింథటిక్ పోస్తే మళ్లీ మినరల్‌కి రాకూడదన్నది వట్టి మాట. రెండూ ఒకదానితో ఒకటి కలుస్తాయి, నేను వెనక్కి వచ్చాను, ఏ ఇబ్బందీ లేదు.

నీలం పొగ వదులుతూ ఆయిల్ తాగే బండికి సింథటిక్ మందు కాదు. అరిగిన రింగుల్నీ, వాల్వ్ సీళ్లనీ ఏ ఆయిలూ బాగుచేయదు. ఆ డబ్బు దాచి ఇంజన్ పనికి వాడండి.

సెమీ సింథటిక్ మధ్యస్థం. అందులో సింథటిక్ ఎంత శాతం ఉందో డబ్బా చెప్పదు, ధర సరిపోతే తీసుకోండి. కారు ఆయిల్ జాసో గుర్తు లేకపోతే వద్దు. పైనుంచి కలిపే చిన్న సీసాల మందులు అసలే వద్దు, క్లచ్‌కి చేటు.

ఇప్పుడు నా బండిలో 20డబ్ల్యూ-50 మినరల్, ఎంఏ2, ఉంది. ట్యాంకు మీద చిన్న కాగితం అంటించి 2000 కిలోమీటర్ల లెక్క రాసుకున్నాను. వేడిగా ఉన్నప్పుడే దింపుతాను, అప్పుడే మురికి ఆయిల్‌తో పాటు కొట్టుకొస్తుంది. ప్రతిసారీ జాలీ తీసి పెట్రోలుతో కడుగుతాను. పోయిన వారం దింపిన ఆయిల్ ముదురు గోధుమ రంగులో ఉంది, పెట్రోలు వాసన లేదు, జాలీలో వేలికి తగిలేంత ముక్క కూడా లేదు.