మాస్టర్ ఫేడర్ దించాలా, ట్రాక్ గెయిన్ తగ్గించాలా?

కంప్యూటర్‌లో పాట మిక్స్ చేసేటప్పుడు మాస్టర్ మీటర్ (అన్ని ట్రాక్‌లూ కలిసిన లెవెల్ చూపేది) హద్దు దాటి ఎర్రగా వెలిగితే చాలామంది చెయ్యి ముందు మాస్టర్ ఫేడర్ (మొత్తం సౌండ్‌ని పెంచి తగ్గించే స్లైడర్) మీదకే పోతుంది, ఒక్క లాగుడుతో పనైపోతుంది కదా అని. అదేం తప్పు కాదు, ఇప్పటి సాఫ్ట్‌వేర్లు ఎక్కువశాతం లోపల 32 లేదా 64 బిట్ ఫ్లోట్‌లో (హద్దు దాటిన లెవెల్‌ని కూడా కోయకుండా ఉంచే పద్ధతి) లెక్కేస్తాయి కాబట్టి ట్రాక్‌లు సున్నా డీబీ (డెసిబెల్, డిజిటల్‌లో పైహద్దు) దాటినా సౌండ్ పగలదు, చివర్లో ఫేడర్ దించి 24 బిట్‌కి ఎక్స్‌పోర్ట్ చేస్తే క్లీన్‌గానే వస్తుంది.

కానీ మాస్టర్ మీద కంప్రెసర్ (పెద్ద సౌండ్లని అణిచే ప్లగిన్) పెట్టారనుకోండి, అక్కడ తేడా కొడుతుంది. చాలా సాఫ్ట్‌వేర్లలో ఇలా ట్రాక్ మీద పెట్టే ఇన్సర్ట్ ప్లగిన్లు ఫేడర్ కంటే ముందే ఉంటాయి, మీరు ఫేడర్ ఎంత దించినా వాటిలోకి వెళ్ళే లెవెల్ అదే, కంప్రెసర్ ఎంత అణుస్తోందో చూపే గెయిన్ రిడక్షన్ మీటర్ ఉదాహరణకి 8 డీబీ దగ్గర ఉంటే అలాగే అతుక్కుని ఉంటుంది, పాట మాత్రం చిన్నగా వినిపిస్తుంది.

ట్రాక్ గెయిన్ (ప్లగిన్లకి ముందు ఒక్కో ట్రాక్ లెవెల్) తగ్గించే దారి కాస్త విసుగే, అయినా నా ఓటు దీనికే. ప్లగిన్లు పెట్టకముందే ట్రాక్‌లలోని ఆడియో ముక్కలు (క్లిప్‌లు) అన్నీ సెలెక్ట్ చేసి ఒకేసారి 6 డీబీ తగ్గించేస్తే బ్యాలెన్స్ చెదరదు (ప్లగిన్లు పెట్టాక చేస్తే అవి ఏ లెవెల్ దగ్గర పని మొదలుపెట్టాలో చెప్పే థ్రెషోల్డులన్నీ మళ్ళీ సర్దుకోవాలి, అదో తలనొప్పి). అనలాగ్ మోడలింగ్ ప్లగిన్లు (పాత స్టూడియో పరికరాల్ని అనుకరించేవి) చాలావరకు సగటున మైనస్ 18 డీబీ దగ్గర బాగా పలుకుతాయి, ఆ లాభం కూడా ఇందులోనే.

రికార్డింగ్‌లోనే క్లిప్ అయిన (హద్దు దాటి పగిలిన) వోకల్‌కి మాత్రం రెండూ పనికిరావు, మళ్ళీ పాడించుకోవడమే.