వెండి ఇంకుతో రెండేళ్లు

బరంపురంలో మాది పెళ్లికార్డులు, చేతిసంచులు వేసే స్క్రీన్ ప్రింటింగ్ షాపు. రెండేళ్లుగా అదే బల్ల మీద పాలిస్టర్ ఫిల్ముపై వెండి ఇంకుతో (వెండి పొడి కలిపిన, కరెంటు పారే ఇంకు) ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగుల యాంటెన్నాలు కూడా వేస్తున్నాను. రీడర్ అనే పరికరం దూరం నుంచే రేడియో తరంగాలతో చదవగలిగే చిప్పున్న చీటీలే ఈ ట్యాగులు. రాగి రేకుని యాసిడ్‌తో కరిగించే పనిలేదు, స్క్వీజీ (ఇంకుని నెట్టే రబ్బరు పట్టీ) ఒక్కసారి లాగితే గీత పడిపోతుంది. అది చూస్తే నాకు ఇప్పటికీ మొదటిరోజంత సంబరమే.

పోయిన ఆగస్టులో మాత్రం గట్టి దెబ్బ తగిలింది. పట్టుచీరల కొట్టున్న మా బావకి 150 ట్యాగులు వేయాలి, డబ్బా అడుగున ఇంకు చిక్కబడిందని థిన్నర్ కాస్త ఎక్కువే పోశాను. ప్రతి గీతకీ మల్టీమీటర్ పెట్టి రెసిస్టెన్స్ చూశాను, రీడింగులు ఎప్పటికంటే బాగున్నాయి. మర్నాడు బావ ఫోన్: "పాతవి గుమ్మం దగ్గర్నుంచే పలికేవి బావా, ఇవి రీడర్ ఆనిస్తే గానీ పలకట్లేదు."

భూతద్దంలో చూస్తే తెలిసింది. ఇంకు పక్కలకి పాకి గీత అంచులు రంపం పళ్లలా ఉన్నాయి, చిప్ చుట్టూ ఉండే చిన్న లూప్‌లో సందు సగం పూడిపోయింది. గీత వెడల్పైతే మల్టీమీటర్‌కి సంతోషమే, రెసిస్టెన్స్ తగ్గుతుంది కదా! కానీ ఈ ట్యాగులు పనిచేసే 866 మెగాహెర్ట్జ్ దగ్గర కరెంటు ఎక్కువగా అంచుల వెంటే పోతుంది, అంచు చెడితే నష్టం అక్కడే. పైగా లూప్ ఆకారం మారి ట్యూనింగ్ మన దేశంలో ఈ ట్యాగులకి వాడే 865-868 మెగాహెర్ట్జ్ బ్యాండు నుంచి జరిగిపోయింది. మొత్తం 150 మళ్లీ వేశాను. అప్పటినుంచి 325 స్టీల్ మెష్ (అంగుళానికి 325 తీగలుండే సన్న జాలీ) వాడుతున్నాను, థిన్నర్ చుక్కల లెక్కన కలుపుతున్నాను, మల్టీమీటర్ కంటే ముందు భూతద్దం తీస్తున్నాను.

ఈ ట్యాగుల్ని ఎంత వంచినా ఏమీ కాదని మొదట్లో అందరికీ చెప్పాను. కాస్త వంచితే నిజంగానే ఏమీ కాదు, కానీ చీర మడతలో పెట్టి నొక్కితే ఆ మడత గీతలోనే ఇంకు పగులుతుంది, అందుకే ఇప్పుడు ట్యాగు చీర లోపలి అట్టకి అంటిస్తున్నాం. ఫిల్ము కూడా ఇంకు ఆరబెట్టే వేడికి ముడుచుకోని రకమే కొనాలి, మామూలుది 130 డిగ్రీల దగ్గర వంకర పోయింది.

ఫ్రేములు, బల్ల, డ్రయ్యర్ నాకు ముందే ఉన్నాయి, ఆర్డర్లు 200 దాటవు, అందుకని నాకు గిట్టుతోంది. కొత్తగా అన్నీ కొనుక్కునేవాళ్లకి, అందులోనూ వెండి ధర ఎక్కువగా ఉన్నప్పుడు, గిట్టుతుందని చెప్పలేను. పర్లాకిమిడి నుంచి కాలేజీ పిల్లలు 2.4 గిగాహెర్ట్జ్ (వైఫై వాడేది) యాంటెన్నా కావాలని వస్తే మాత్రం, అంత ఫ్రీక్వెన్సీలో అంచుల నష్టం ఇంకా ఎక్కువ కాబట్టి, ఇప్పటికి రాగి మీదే చేయించుకోమని పంపేస్తున్నాను.