ఎల్లో వాచ్‌మన్ గోబీ: కొనేముందు ఇసుక, మూత చూసుకోండి

ఉప్పునీటి ట్యాంక్ కొత్తగా పెట్టినవాళ్లకి క్లౌన్ చేపల తర్వాత షాపుల్లో ఎక్కువగా అంటగట్టేది ఎల్లో వాచ్‌మన్ గోబీనే. సలహా మంచిదే. ఎంత పెరిగినా 10 సెంటీమీటర్లు దాటదు, పగడాల జోలికి పోదు, ఫ్రోజెన్ మేతకి తొందరగా అలవాటు పడుతుంది. శాస్త్రీయ నామం క్రిప్టోసెంట్రస్ సింక్టస్, పుట్టిల్లు పశ్చిమ పసిఫిక్. పసుపు ఒంటి మీద నీలి చుక్కలు, కిందికి వాలిన పెదాలు, ఎప్పుడు చూసినా ఎవరి మీదో అలిగిన మొహం. ఇందులో బూడిదరంగువీ వస్తాయి. రకం తక్కువదేమో అని వదిలేయక్కర్లేదు. ఐదుకి నాలుగు మార్కులు ఇవ్వొచ్చు.

తగ్గించిన ఆ ఒక్క మార్కు చేపది కాదు, అమ్మేవాళ్ల మాటలది. "ఇసుక శుభ్రం చేస్తుంది" అని చెప్తే నమ్మొద్దు. ఇసుకని నోట్లోకి తీసుకుని మొప్పల్లోంచి వదిలే పని డైమండ్ గోబీది. ఇది బొరియ దగ్గర కూర్చుని కాపలా కాస్తుంది, అంతే. నీళ్లలో అటూ ఇటూ ఈదే చేప కావాలంటే వేరేది చూసుకోండి. తెచ్చిన మొదట్లో వారం, రెండు వారాలు అసలు కనపడకపోయినా కంగారుపడి రాళ్లు కదపొద్దు.

ఒక్క చేపకి 75 లీటర్లు చాలు. బొరియ తవ్వి ఈ చేపతో కలిసి అందులోనే ఉండే పిస్టల్ రొయ్యతో కలిపి పెంచాలంటే 110 లీటర్లయితే ఇద్దరికీ హాయి. ఉష్ణోగ్రత 24 నుంచి 27 డిగ్రీలు, ఉప్పదనం (స్పెసిఫిక్ గ్రావిటీ లెక్కలో) 1.024 నుంచి 1.026. ఇక్కడిదాకా పగడాలు పెంచే ఏ రీఫ్ ట్యాంకుకైనా ఇదే లెక్క. తేడా అంతా అడుగున ఉంటుంది. ఇసుక 5 నుంచి 8 సెంటీమీటర్ల మందం పోయాలి. పంచదారలాంటి సన్న ఇసుక ఒక్కటే పోస్తే తవ్విన బొరియ తవ్వినట్టే కూలిపోతుంది. అందులో 2, 3 మిల్లీమీటర్ల ముతక పగడపు పొడి, వేలి కణుపంత రాతి ముక్కలు కొన్ని కలిపితే గోడలు నిలబడతాయి. ముఖ్యమైన సంగతి, పెద్ద రాళ్లు ముందు నేరుగా అడుగు అద్దం మీద పేర్చి, ఆ తర్వాతే ఇసుక పోయాలి. ఇసుక మీద పెట్టిన రాయి కింద రొయ్య తవ్వుకుంటూ పోతే ఒకరోజు రాయి కూలి లోపలున్న రెండూ నలిగిపోతాయి.

మూత లేని ట్యాంకులోకి ఈ చేపని తేవొద్దు. బెదిరితే దూకుతుంది, కొత్తలోనూ లైట్లు ఆరిన వెంటనేనూ మరీ. 6 మిల్లీమీటర్ల కళ్లున్న వల సరిపోతుంది. వైర్లు, ఫిల్టర్ పైపులు బయటికొచ్చే మూల దగ్గర సందు మిగలకుండా చూడండి. దూకిన చేపలు చాలావరకు పోయేది ఆ సందులోంచే.

అసలు సరదా రొయ్యతోనే. పిస్టల్ రొయ్యల్లో టైగర్ పిస్టల్ రకం దీనికి బాగా కుదురుతుంది. రొయ్యకి చూపు అంతంత మాత్రం. ఇసుక నెట్టుకుంటూ బయటికొచ్చినప్పుడల్లా ఒక మీసం చేప ఒంటికి ఆనించే ఉంచుతుంది. ఏదైనా పెద్ద చేప దాపుకొస్తే గోబీ తోక చిన్నగా విదిలిస్తుంది, మరుక్షణం రొయ్య లోపల ఉంటుంది. వెనకే చేప. రెండింటినీ ఒకే రాతి సందు దగ్గర, పైపు గొట్టంలోంచి వదిలితే ఒకదాన్నొకటి తొందరగా కలుసుకుంటాయి. రొయ్యకి ఉప్పదనంలో మార్పు పడదు కాబట్టి చుక్కచుక్కగా నీళ్లు కలిపి గంటన్నరైనా అలవాటు చేయాలి. రాత్రి 'టప్' మని శబ్దం వస్తే అద్దం పగల్లేదు, అది రొయ్య డెక్క చప్పుడు. రొయ్య ఎత్తిపోసే ఇసుక కింద పెట్టిన పగడాల్ని కప్పేస్తుంది. వాటిని రాయి మీదికి ఎక్కించి అతికించుకోవాల్సిందే.

మేత రోజుకి రెండుసార్లు. కరిగించిన మైసిస్ (రొయ్యలాంటి చిన్న జీవుల ఫ్రోజెన్ మేత), మునిగే చిన్న గుళికలు పిపెట్‌తో బొరియ మూతి దగ్గరే వదలాలి. చురుకైన రాస్ చేపలున్న ట్యాంకులో పైన చల్లేస్తే కిందికి చేరేసరికి ఏమీ మిగలదు. పొట్ట లోపలికి అతుక్కుపోయిన చేపని షాపులోనే వదిలేయండి. మీ ముందే మేత వేయమని అడిగి, తింటేనే తీసుకోండి.

తెచ్చాక నాలుగు వారాలు విడిగా ఉంచాలి. ఖాళీ ట్యాంకులో పీవీసీ పైపు ముక్క పెడితే దాక్కోడానికి చోటుంటుంది. తెల్లమచ్చ జబ్బు వస్తే రాగి మందు అక్కడే వాడాలి, టెస్ట్ కిట్‌తో మోతాదు చూసుకుంటూ. రాగి రొయ్యల్నీ పగడాల్నీ చంపేస్తుంది, కాబట్టి మెయిన్ ట్యాంకులో ఒక్క చుక్క కూడా పడకూడదు. క్వారంటైన్‌లో రొయ్య కూడా ఉంటే మందు మొదలుపెట్టకముందే దాన్ని వేరే తొట్టిలోకి మార్చండి.

ఒకే ట్యాంకులో రెండు వాచ్‌మన్‌లు జతైతే తప్ప కొట్టుకుంటాయి. రొయ్యల్ని తినేసే హాక్ ఫిష్ ఉన్నచోట రొయ్య మీద ఆశ పెట్టుకోవద్దు. ట్యాంక్ మరీ చిన్నదైతే యాషా గోబీ, దానికి జోడీగా రాండాలి రొయ్య మేలు. కాకపోతే యాషా ఇంకా పిరికిది, మూత విషయంలో దానికీ మినహాయింపు లేదు.